చావు కబురు చెప్పిన బావగారు

పోయిన వారం మనం వెంకటరత్నమ్మను ప్రసూతి వార్డు గుమ్మంలో, చేతిలో వేడినీళ్ల గిన్నెతో నిలబెట్టి వచ్చేశాం. ఎదురుగా చేతిసంచీ పట్టుకుని ఆమె భర్త యలమందయ్య. ఇద్దరి మధ్యా హెడ్‌నర్సు కృష్ణాబాయి. "మీరెవరు? ఈమెకేమైతరు?" అని ఆవిడ అడిగింది. యలమందయ్య నోరు తెరిచాడు. అక్కడ ఆగాం.

ఆ నోట్లోంచి నిజం ఊడిపడిందా, వెంకటరత్నమ్మ నర్సు చదువు ఆ నిమిషంతో సరి. ఎందుకంటే ఆ ఆసుపత్రి వాళ్లకు తెలిసినంతవరకూ ఆమె భర్త పోయి చాలాకాలమైంది.

ఇప్పుడే మనతో కలిసినవాళ్ల కోసం వెనక్కి వెళ్లి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. నరసరావుపేట తాలూకాలో ఉన్న కాస్త చెలక అమ్ముకుని, తుంగభద్ర కాలవ వచ్చిందని విని, జవళగేర పక్కన ఆంధ్రా రైతులు కట్టుకున్న క్యాంపులో పొలం కొనుక్కున్న మొగుడూ పెళ్లాలు వీళ్లు. మొదట్లో వరి విరగపండింది. తర్వాత పై చేల నుంచి ఊట దిగి పొలం చవుడెక్కింది. ఎండాకాలం వస్తే నేల మీద సున్నం కొట్టినట్టు ఉప్పు పేరుకునేది. వెంకటరత్నమ్మ క్యాంపులో నాట్ల ముఠాకు పెద్ద. ఆమె కేకేస్తే ఆడవాళ్లంతా బురదలోకి దిగేవాళ్లు, ఆమె నడుం ఎత్తితేనే వాళ్లూ ఎత్తేవాళ్లు. నలభై దాటాక ఆ నడుం మొరాయించింది. అటు పొలం ముద్ద పెట్టదు, ఇటు ఒళ్లు మాట వినదు. రాయచూరులో వర్తకులు నడిపే ధర్మాసుపత్రిలో నర్సు పని నేర్పిస్తారనీ, తిండీ పడకా తెల్ల చీరలూ వాళ్లే ఇస్తారనీ ఎవరో చెప్తే బస్సెక్కింది.

తీరా వస్తే, ఆ వయసు ఆడదానికి ఇచ్చే సీటు ఒక్కటే, అదీ భర్త పోయిన దిక్కులేని మనిషికే అన్నారు. ఆ మాట వరండాలో కూర్చుని ఉండగా ఎవరో ఆయా చెప్పింది. వెంకటరత్నమ్మ చెంగుతో బొట్టు తుడుచుకుంది. మెళ్లో తాళి ఉన్న నానుతాడు రవిక లోపలికి తోసుకుంది. గాజులు అప్పటికే తీసేసింది, నర్సులకు గాజులుండవని విని. లోపలికి వెళ్లి కమిటీ పెద్ద ముందు తల వంచుకుని నిలబడింది. ఆ పెద్ద బస్టాండు ఎదురుగా బట్టల కొట్టున్న గోపాలయ్య. మెత్తని మనిషి. ఆమె బోసి నుదురు చూసి "అయ్యో పాపం" అన్నాడు. సీటు ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం, ఏడుపొస్తే ఏడుద్దామని వెంకటరత్నమ్మ ఓ మూల చూసుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. ఆకలేసింది. వెళ్లి అన్నం తినొచ్చింది. ఆనాటి నుంచీ అంతే. నెత్తురు చూసినా, పురిటి కేకలు విన్నా, పొద్దున్నే అద్దంలో బోసి మొహం చూసుకున్నా, లోపల ఏమీ కదలదు. తోటి పిల్లలు మొదటి కాన్పు చూసి కళ్లు తిరిగి పడిపోతే ఈమె నేల తుడిచింది. "గట్టి గుండె" అని కృష్ణాబాయి మెచ్చుకుంది. గట్టి గుండె కాదు, మొద్దుబారిన గుండె. ఆ సంగతి వెంకటరత్నమ్మకు తెలుసు, మెచ్చుకుంటున్నారు కదా అని ఊరుకుంది.

సరే, గుమ్మం దగ్గరికి వద్దాం.

యలమందయ్య చూపు ముందు భార్య నుదుటి మీద ఆగింది. అక్కడ ఏమీ లేదు. చేతుల మీదికి దిగింది. అక్కడా ఏమీ లేదు. పక్కనే కృష్ణాబాయి అడుగుతోంది, ఈమెకేమవుతావని. పెళ్లానికి ఏమవుతావని మొగుణ్ణే అడుగుతోందంటే ఆయన్ను ఇక్కడ ఏం చేసి ఉంచారో అర్థం చేసుకోవడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. మాట తక్కువ మనిషే కానీ తెలివి తక్కువ మనిషి కాదు.

"ఈ అమ్మాయి పెనిమిటి నాకు తమ్ముడమ్మా," అన్నాడు. "నేను బావగార్ని."

నిజానికి ఆయనకు అన్నా లేడు, తమ్ముడూ లేడు. ఒక్కగానొక్క కొడుకు. బతికుండగానే తనకు తానే అన్నయ్యాడు. ఇంకో మనిషైతే అక్కడే కూలబడి ఉండును. వెంకటరత్నమ్మ మాత్రం, నీళ్లు చల్లారిపోతున్నాయి అనుకుంది.

కృష్ణాబాయి మొహం వికసించింది. "అబ్బ, వచ్చిన్రా! మీ దిక్కుకెళ్లి ఎవరన్న వస్తే బాగుండునని నేను రోజు అనుకుంటున్న. రాండ్రి, కూసోండ్రి." వార్డు చివర బల్ల మీద కూర్చోబెట్టింది. "సంగతేందంటే, పోయినేడు ఒకామె ఇక్కడ పని నేర్చుకున్నంక ఆమె అత్తగారోళ్లు వచ్చి శానా గలాటా చేసిన్రు. మమ్మల్ని అడగకుంట మా కోడలితోని అందరి మైల కడిగిపిస్తరా అని. అందుకని కమిటీ వాళ్లు ఇప్పుడు రూలు పెట్టిన్రు. అత్తగారి తరఫు పెద్దమనిషి ఒకరు వచ్చి మాకు సమ్మతమే అని చెప్పాలె. వచ్చే సోమారం కమిటీ కూసుంటది. ఎవరు రాకుంటే రత్నమ్మ సీటు వాపస్ తీసుకుంటరు. మంచిగ పని చేస్తది, చెయ్యి మెత్తగ ఉంటది. పోగొట్టుకునుడు నాకిష్టం లేదు."

"సోమవారం వస్తానమ్మా," అన్నాడు యలమందయ్య.

అంత తేలిగ్గా అన్నాడు. వెంకటరత్నమ్మ గిన్నె దించి, అవతలి మంచం మీది బాలింత చెయ్యి పట్టుకుని నాడి చూడటం మొదలుపెట్టింది. నిన్నటి నుంచీ ఆ పిల్లకు జ్వరం. చెవులు మాత్రం బల్ల దగ్గరే ఉన్నాయి.

"కమిటీ వాళ్లు అడుగుతరు, మీరు ఏమనుకోవద్దు," కృష్ణాబాయి గొంతు తగ్గించింది. "మీ తమ్ముడు ఎట్ల పోయిండు? రత్నమ్మను అడిగితే తల వంచుకుంటది, చెప్పదు. నేను గూడ ఒత్తిడి చెయ్యలే."

ఆ బల్ల పక్కన కింద కూర్చుని, ఉడకబెట్టి ఆరేసిన గుడ్డలు మడతపెడుతున్న ఆయా శరణమ్మ కూడా చెయ్యి ఆపింది. ఈ శరణమ్మది గబ్బూరు. నిజంగా భర్త పోయిన మనిషి. ఆ ఒక్క సీటూ తనకే వస్తుందని ఆశపడి, వెంకటరత్నమ్మకు పోయిందని తెలిసి, వచ్చే ఏడన్నా దొరక్కపోతుందా అని అదే ఆసుపత్రిలో ఆయాగా కుదిరింది. వెంకటరత్నమ్మను 'అక్కా' అని పిలుస్తుంది. ఆ పిలుపు వినపడ్డప్పుడల్లా ఈమె పని మీదికి వంగుతుంది.

"మావాడికి నేలంటే పిచ్చమ్మా," అన్నాడు యలమందయ్య. "కాలవొచ్చింది, నీళ్లు పారతన్నాయి అని వినంగానే ఉన్నదమ్ముకుని బయల్దేరాడు. అందరూ వద్దన్నారు. ఇన్లా. మొదట బాగానే పండింది. ఆ కంకులు అరచేతిలో నలుపుకుని వాసన చూస్తా ఉండేవాడు, పిల్లాడికి మల్లే. తర్వాత ఊట దిగింది. నీళ్లు లేక చెడిన నేలని మేం చూశాం గానీ, నీళ్లెక్కువై చెడిన నేలని ఎన్నడూ చూళ్లా. ఏం చెయ్యాలో ఎవరికీ తెలీలా."

"మా దిక్కు గూడ శానా పొలాలు గిట్లనే అయినయి," అంది కృష్ణాబాయి.

"పెళ్లాం నాట్లకి పోయేది. వీడు గట్టు మీద కూర్చుని ఆ తెల్లటి నేలకేసి చూస్తా ఉండేవాడు. పొద్దున కూర్చుంటే పొద్దుగూకిందాకా. ఆమె వచ్చి అన్నం పెడితే తినేవాడు. ఆమె చేతులు చూసేవాడు. బురదలో నాని పాసిపోయి ఉండేయి ఆ చేతులు. ఆమె ఒక్క మాటనేది కాదమ్మా. అంటే బాగుండేది."

నాడి లెక్క తప్పింది. వెంకటరత్నమ్మ గోడ గడియారం చూసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

"మరి?" అంది కృష్ణాబాయి.

"ఒక రోజున ఉన్నట్టుండి లేచి గడ్డం గీయించుకున్నాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. ఎడ్లని తోలుకెళ్లి కూతురికి అప్పజెప్పి వచ్చాడు. ఇంటి తాళం పక్కింటోళ్లకిచ్చాడు. ఎదురైనోళ్లందరితోటీ నవ్వుతా రెండు ముక్కలు మాట్లాడాడు. నోరు కుట్టేసినట్టుండే మనిషి మాట్లాడతంటే, ఇంకేం, మనిషి తేరుకున్నాడు అనుకున్నాం అందరం." ఆయన గొంతులో బాధేమీ లేదు. పక్కూరి సంగతి చెబుతున్నంత నిదానంగా చెప్పాడు. "తెల్లారి కాలవ తూము దగ్గర దొరికాడు."

"శివశివా!" కృష్ణాబాయి కళ్లు తుడుచుకుంది. "పెళ్లానికన్న తెలువలేదా? ఆమెకన్న అనుమానం రాలేదా?"

"ఆమెకి చాలా పనుంటదమ్మా. ఆమెననటానికేమీ లేదు."

నాడి లెక్క మళ్లీ తప్పింది. జ్వరంతో ఉన్న బాలింత కళ్లు తెరిచి, "ఏమక్కా, నాకేమైంది?" అని భయంగా అడిగింది. "నీకేం కాలేదు తల్లీ, పడుకో," అంది వెంకటరత్నమ్మ. చెప్పినంతసేపూ ఆ మాట నిజంలాగే ఉంది.

కృష్ణాబాయి శరణమ్మను పంపి టీ తెప్పించింది. ఒక్క గ్లాసే. ధర్మాసుపత్రిలో రెండో గ్లాసు ఎవరిస్తారు? యలమందయ్యకు ఇచ్చి, "తాగండ్రి, ఎప్పుడు తిన్నరో ఏమో," అంటుండగానే అవతలి గది నుంచి కేక వినిపిస్తే ఆవిడ అటు పరుగెత్తింది. వెంకటరత్నమ్మ నాడి చూడటం ముగించి వచ్చి బల్ల పక్కన నిలబడింది. మరదలు బావగారి ఎదుట కూర్చోదు కదా, ఆ మాత్రం నాటకం ఆమెకు గుర్తుంది.

యలమందయ్య టీ సగం తాగాడు. తాగి, ఏమీ ఆలోచించకుండా, గ్లాసును బల్ల మీద పక్కకు జరిపాడు. వెంకటరత్నమ్మ, ఏమీ ఆలోచించకుండా, అందుకుని మిగతా సగం తాగేసింది.

పెళ్లయిన నాటి నుంచీ జరుగుతున్న పని అది. పొలంలో గంజి నీళ్లయినా, ఇంట్లో మజ్జిగైనా, ఆయన తాగి జరిపేది ఆమె వాటా. ఆయన కంచంలోనే ఆమె తినేది. చేతికి అలవాటైన పనికి బుద్ధితో పనేముంది? తాగి గ్లాసు దించేటప్పటికి శరణమ్మ చూస్తోంది. మడత పెట్టిన గుడ్డ ఒళ్లో ఉంది. చూపు గ్లాసు మీద ఉంది.

భర్త పోయిన మనిషి, బావగారి ఎంగిలి తాగడం! గబ్బూరులోనే కాదు, నరసరావుపేటలోనూ ఏ ఇంట్లోనూ జరగని పని. శరణమ్మ తల వంచుకుని ఇంకో గుడ్డ మడత పెట్టింది. వెంకటరత్నమ్మకు, అయిపోయింది, ఇంతటితో సరి అనిపించింది. అనిపించింది గానీ, భయం మాత్రం రాలేదు. ఎవరికో అవుతున్నట్టుంది.

గేటు దాకా భర్తతో నడిచింది. అప్పటికి ఎండ పచ్చబడింది. గేటు పక్కన గోడ నీడలో నిలబడి మొదటిసారి ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"చెప్పకుండా చేశాను," అంది వెంకటరత్నమ్మ.

"చెప్తే మాత్రం నేనొద్దంటానా?"

"తిడితే తిట్టవయ్యా."

"ఎందుకు తిట్టటం? ఎన్నాళ్లయింది నేను పోయి? ఆవిడ అడిగితే తేడా రాకూడదుగా. సోమవారం మళ్లీ చెప్పాల."

మళ్లీ ఆయనే అన్నాడు, "రత్తమ్మా, ఒక మాట చెప్పనా. అదంతా చెప్తంటే హాయిగా ఉంది. శానా రోజులయింది అంత మాట్లాడి."

"అంత కత ఎట్టా అల్లావు?"

"అల్లటమేముంది."

సంచీ తీసి ఆమె చేతికిచ్చాడు. అందులో గోంగూర పచ్చడి సీసా, ఆమె మరిచిపోయి వచ్చిన దువ్వెన. "గోరేబాళలో అమ్మాయి ఇంటికి పోయొచ్చా. శివపార్వతి పెట్టిచ్చింది పచ్చడి. బాగానే ఉన్నారు. ఎడ్లు కూడా అక్కడే ఉంచా. వాళ్లకి పనికొస్తయ్యి. నాకెందుకు, ఆ చవుట్లో ఏం దున్నుతా?"

"మంచి పని చేశావు," అంది వెంకటరత్నమ్మ. ఆ మాట ఆమె నిజంగానే అంది. వార్డులో ఎవరో పిలుస్తున్నట్టు వినిపించి వెనక్కి చూసింది. తిరిగి చూసేసరికి ఆయన రోడ్డు దాటుతున్నాడు. నున్నగా గీయించుకున్న చెంప మీద ఎండ పడుతోంది. సింధనూరు బస్సు పట్టుకోవాలి కదా అనుకుని లోపలికి వచ్చేసింది.

చూశారా, ఎంత తెలివైన మనిషికైనా ఒక్కోసారి చెవిలో పడింది మెదడు దాకా పోదు. వెంకటరత్నమ్మ ఆ సంచీ తన మంచం కింద పెట్టింది. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. సీటు నిలబడింది అనుకుంది. ఆయన కోప్పడలేదు, సోమవారం వస్తానన్నాడు, మనిషి కూడా కాస్త తేరుకున్నట్టున్నాడు అనుకుంది. ఇక మిగిలింది శరణమ్మ ఒక్కతే.

శరణమ్మ గుడ్డలుడికే పొయ్యి దగ్గర దొరికింది. కర్రతో డేగిసాలో గుడ్డలు కలియబెడుతోంది. ఆవిరికి మొహమంతా చెమట.

"శరణమ్మా, నువ్వు చూశావుగా," అంది వెంకటరత్నమ్మ. దాచి లాభం లేదు.

"చూసిన."

"ఆయన..."

"ఎరుకైంది. బావ ఎంగిలి ఎవరు తాగుతరు? ఆయన గ్లాసు జరుపుడుతోనే నీ చెయ్యి ముందల పోయింది. మొగుడు ఉన్నోళ్లకే పోతది గట్ల." శరణమ్మ కర్ర ఆపలేదు. "నేను ఈ సీటు కోసం ఎంత తిరిగిన్నో నీకెరుకేనా అక్కా? గోపాలయ్య శేటు కాళ్లు గూడ పట్టుకున్న. మొగుడు చచ్చినందుకు గదన్న ఒకటి దొరుకుతది అనుకున్న. నువ్వొచ్చి ఎత్తుకపోయినవ్."

"నిజమే," అంది వెంకటరత్నమ్మ. "సిస్టరమ్మకి చెప్పు. నేనేమీ అనుకోను."

అంత మొద్దుగా అన్నది. అనుకోను అంటే అనుకోలేను అని. శరణమ్మ అప్పుడు కర్ర వదిలి ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపముంటుందని వెంకటరత్నమ్మ ఎదురుచూసింది. కోపం కాదది.

"సీటు సంగతి గీడ పడనీ అక్కా. ఆయన యాడికి పోయిండు?"

"ఇంటికే. బస్టాండుకి పోయాడు."

"నీకు చెప్పిండా ఇంటికి పోతున్న అని?"

వెంకటరత్నమ్మ ఆలోచించింది. ఆయన చెప్పలేదు.

"ఆయన సిస్టరమ్మకు చెప్పింది ఇన్నవా నువ్వు? సరిగ్గ ఇన్నవా?" శరణమ్మ దగ్గరికి జరిగింది. "అబద్ధం చెప్పేటోడు గుండె ఆగి పోయిండంటడు, జరమొచ్చి పోయిండంటడు, ఒక్క మాటల అయిపాయె. గడ్డం గీకించుకునుడు, ఎద్దుల ఇచ్చుడు, తాళం ఇచ్చుడు, గివన్ని ఎవరు చెప్తరు? మా ఆయన పోయే ముందు రోజు నాకు గాజులు తెచ్చిండు. ఎన్నడు తేనోడు. అందరితోని మంచిగ మాట్లాడిండు. మా చిన్నాయనకు ఎవరిదో చావు సంగతి అన్నట్టు గిట్లనే అంత ఇవరంగ చెప్పిండంట. నేను మురిసిన అక్కా. గాజులు వేసుకుని వాడకట్టంత తిరిగి చూపిచ్చిన." ఆమె వెంకటరత్నమ్మ భుజం పట్టుకుని కుదిపింది. "ఆయన తమ్ముని సంగతి చెప్పలే. ఎనకటి సంగతి చెప్పలే. రేపటిది చెప్పిండు. గడ్డం గీకించుకున్నడా లేదా? నువ్వు చూసినవా లేదా?"

వెంకటరత్నమ్మ చూసింది. ఎండ పడుతున్న చెంప చూసింది. ఎడ్లు శివపార్వతికిచ్చానంటే మంచి పని చేశావంది. ఇవాళ ఆయన ఆసుపత్రికి వచ్చింది పచ్చడి ఇవ్వడానికి కాదు. ఆమెను ఒకసారి చూసి పోదామని వచ్చాడు. వచ్చి చూస్తే, తాను ముందే పోయి ఉన్నాడు. పెళ్లామే ముందుగా పంపించేసింది. ఇంకేం అడ్డముంది?

అప్పుడు కదిలింది లోపల. ఎన్నాళ్లుగానో తిమ్మిరెక్కిన కాలికి నెత్తురు తిరిగితే ఎట్టా ఉంటుంది, సూదులు గుచ్చినట్టు, అట్టా. అమ్మా అని నోటి నుంచి దానంతటదే వచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటింది.

తెల్లచీర కట్టిన నర్సమ్మ బజార్లో పరుగెత్తడం రాయచూరులో అప్పటిదాకా ఎవరూ చూసి ఉండరు. కూరగాయల గంపలు దాటుకుని, టాంగాల మధ్యలోంచి దూరి పరుగెత్తింది. "అరె, దేఖ్‌కే!" అని ఎవడో అరిచాడు. నాట్లలో మోకాలి లోతు బురదలో నడిచిన కాళ్లు ఎండిన నేల మీద తడబడ్డాయి. వెనక శరణమ్మ వస్తోందో లేదో చూడలేదు.

బస్టాండులో సింధనూరు బస్సు ఇంకా ఉంది. ఇంజను కొట్టుకుంటోంది. "మాన్వి, జవళగేర, సింధనూరు!" అని కండక్టరు అరుస్తున్నాడు. వెంకటరత్నమ్మ బస్సు పక్కగా ఒక్కో కిటికీ చూసుకుంటూ పరుగెత్తింది. గంపలు, పిల్లలు, పేటాలు చుట్టుకున్న రైతులు, నిద్రపోతున్న ముసలమ్మ. అవతలి పక్కకు తిరిగి వచ్చి మళ్లీ చూసింది. లోపలికెక్కి ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది.

లేడు.

"ఉతికిన పంచె కట్టుకున్న మనిషి, నెత్తిన రుమాలు, ఎక్కాడా?" అని కండక్టర్ని అడిగింది. ఎక్కలేదన్నాడు. దీనికి ముందు జవళగేర పోయే బస్సు లేదన్నాడు. "దిగమ్మా, బండి పోతది."

ఆమె దిగింది. బస్సు కదిలింది. దుమ్ము లేచింది. ఆ దుమ్ములో నిలబడి నలుదిక్కులా చూసింది. ఎటు పోయాడు? ఈ ఊళ్లో ఆయనకు తెలిసిన వీధి ఒక్కటీ లేదు. ఏమని పిలవాలి? ఇన్నేళ్ల కాపురంలో ఏమయ్యా అనే తప్ప పిలవలేదు. ఆ పేరు నోటితో అనలేదు. వడ్లు కొలిచేవాడు పేరడిగినా పక్కనున్నవాళ్ల చేత చెప్పించింది. ఏమయ్యా అంటే ఈ బజార్లో ఎవడు పలుకుతాడు?

"యలమందయ్యా!"

ఆ గొంతు నాట్ల ముఠాను మూడు చేల అవతల నుంచి లేపిన గొంతు. టాంగా గుర్రం బెదిరింది. కిరాణా కొట్టు ముందు వాళ్లు తలలు తిప్పారు.

"యలమందయ్యా! ఓ యలమందయ్యా!"

ఎవరూ పలకలేదు. బట్టల కొట్టు మెట్ల మీద నుంచి గోపాలయ్య గబగబా దిగి వచ్చాడు. చేతిలో గజంబద్ద అలాగే ఉంది. పాపం అనుకుని తాను సీటిచ్చిన ఆడమనిషి, చెప్పులు లేకుండా, జుట్టు ముడి ఊడిపోయి, నడిబజార్లో ఒక మగవాడి పేరు పెట్టి అరుస్తోంది.

"ఏందమ్మా రత్నమ్మా, ఏమైంది? ఎవరిని పిలుస్తున్నవ్? ఎవరీ యలమందయ్య?"

శరణమ్మ అప్పుడే వచ్చి ఆయాసపడుతూ పక్కన నిలబడింది. ఆమె ఆ మాట విన్నది. వెంకటరత్నమ్మ ఏం చెబుతుందోనని చూసింది. బావగారు అన్నా సరిపోయేది. సీటు నిలిచేది.

"నా మొగుడు శెట్టిగారూ," అంది వెంకటరత్నమ్మ. "బతికే ఉన్నాడు. మీకు అబద్ధం చెప్పాను. మనుషుల్ని పంపించండి, నలుదిక్కులా పంపించండి. ఇప్పుడు దొరక్కపోతే, నేను చెప్పిందే నిజమైపోతది."